రెండు జాబితాల్లోనూ లేని మనిషి

"మీ బావ సోమవారం డ్యూటీకి వెళ్ళాడా, లేదా?"

డిటెక్టివ్ శాంతికుమార్ ఈ మాట అడగడం అది మూడోసారి. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న కన్నబాబు మూడోసారి కూడా తన కాలి బొటనవేలికే జవాబు చెప్పాడు.

"నాను సూడనేదండి."

"ఇద్దరిదీ మునగపాకే. ఇద్దరూ ఎక్కేది ఒకే కంపెనీ బస్సు. ఇద్దరికీ ఉదయం షిఫ్టే. అయినా చూడలేదు?"

"బస్సులో శానామంది ఉంతారు కదండి."

"ఒరే కన్నా!" అంది పక్కనే కూర్చున్న అతని అక్క అప్పలకొండమ్మ. "నీకోసవే కదరా ఆయన ఈది సివర నిల్సున్నాడు? కేరేజీ నా సేత్తో ఇచ్చేను బాబూ. ఎల్లొత్తానే అన్నాడు. ఎల్లేడు. మరి రానేదు."

కన్నబాబు తల ఇంకాస్త వాలింది.

సంగతి ఇదీ. అప్పలకొండమ్మ మొగుడు సన్యాసిరావు పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో ట్యాంకులు కడిగే పని చేస్తాడు. సోమవారం తెల్లవారుజామున ఇల్లు కదిలినవాడు ఈవేళ శుక్రవారం దాకా తిరిగి రాలేదు. అసలు ఆ రోజు అతను డ్యూటీకే రాలేదని కంపెనీ అంది. కంపెనీ ఏమందో పోలీసులూ అదే రాసుకున్నారు. ఎవతెతోనో లేచిపోయుంటాడులే అని ఒక హెడ్డు కానిస్టేబుల్ ఆమెకు ఓదార్పు కూడా చెప్పాడట. అప్పుడామె తమ్ముణ్ణి రెక్క పుచ్చుకుని, అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక శాంతికుమార్ గదికి లాక్కొచ్చింది.

శాంతికుమార్ పదకొండేళ్ళు ఎస్సైగా చేసి, పైవాళ్ళతో పడక, ఆ ఉద్యోగానికి ఒక దణ్ణం పెట్టేసిన మనిషి. తప్పిపోయినవాళ్ళ కేసులు చాలా చూశాడు. బతికున్నవాడి కేసులో ఎక్కడో ఒకచోట అప్పో, అలకో, ఆడదో బయటపడుతుంది. ఇందులో అవేమీ లేవు. ఆ మాట ఆమె మొహం మీద చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆఖరికి ఆమే చెప్పింది.

"బతికున్నాడని నాననుకోడం నేదు బాబూ. సోమారం మద్దేనం గానుగ వొంతు మాది. సెరుకంతా కొట్టీసి గానుగ కాడికి సేర్సేం. వొంతు తప్పితే మళ్ళీ ఎప్పుడికో గానీ రాదు, ఈలోగా సెరుకు ఎండిపోద్ది. అలాటి రోజుని ఒగ్గీసి ఆయన ఎక్కడికెల్తాడు? ఆయన రానేదంటే నేడనే. నాకా శవాన్ని ఇప్పించండి, సాలు. గేటు కాడికెల్లి అడిగితే అసలు రానేదంతన్నారు. వొచ్చినోడే కాపోతే శవం మాత్రం ఎక్కడుంతాది బాబూ?"

దొంగను పట్టివ్వమని అడిగినవాళ్ళున్నారు, మొగుణ్ణి వెతికిపెట్టమని ఏడ్చినవాళ్ళున్నారు. శవం చాలు అన్న మనిషి ఇంతవరకూ అతనికి తగల్లేదు. శాంతికుమార్ మళ్ళీ కన్నబాబు వైపు తిరిగాడు.

"పోనీ ఇది చెప్పు. సోమవారం మీ బస్సు ఎన్నింటికి బయల్దేరింది?"

ఈ ప్రశ్నలో ప్రమాదం లేదనుకున్నాడు కాబోలు, కన్నబాబు మొదటిసారి తలెత్తాడు. "రెండూ పదికండి. రెండింటికి సైరను, రెండూ పదికి మేం రోడ్డు మీద. గానుగ రోజుల్లో మా బస్సే ఫస్టు. అనకాపల్లి బస్సోళ్ళు ఎప్పుడూ మా యెనకాలే."

"బస్సులో ఎంతమంది?"

"ముప్పైకి పైనే ఉంతాం."

"గేటు దగ్గర కార్డు గీసే మిషన్లు ఎన్ని?"

కన్నబాబు చూపు మళ్ళీ బొటనవేలి దగ్గరికి వెళ్ళిపోయింది. "ఒకటేనండి."

షిఫ్టు దిగే జనం మూడొందల మంది. వాళ్ళందరికీ ఒకటే మిషను. అందులో మునగపాకవాళ్ళు ముప్పైమంది పది నిమిషాల్లో, అందరికంటే ముందు, అదీ రోజూ బయటపడుతున్నారు. వరసలో నిలబడి ఎవరి కార్డు వాళ్ళు గీసుకునే మనుషులకి అది అయ్యే పని కాదు. శాంతికుమార్ లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పదండి. మీ గేటు చూద్దాం."

ఆటో దిగేసరికి రెండు కావస్తోంది. కంపెనీ గేటుకి ఎదురుగా టీ బడ్డీ ఉంది. దాని నీడలో ముగ్గురూ నిలబడ్డారు. సైరను మోగింది.

గేటు పక్కన మనిషి పట్టేంత దారి. దారిలో గుంజకి బిగించిన కార్డు మిషను. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చిన ఎర్రచొక్కావాడు మిషను దగ్గర ఆగి, జేబులోంచి ఇంత మందాన కార్డుల దొంతర తీశాడు. పేకముక్కలు వేసినట్టు ఒక్కొక్కటే గీయడం మొదలుపెట్టాడు. గీసినప్పుడల్లా మిషను కీచుమంటోంది. వాడి పక్కనుంచి ఒట్టి చేతులతో మనుషులు చకచకా బయటికి నడిచి బస్సెక్కుతున్నారు. కాపలా కాయాల్సిన గార్డు ఆకాశంలో కాకుల్ని లెక్కపెడుతున్నాడు. అనకాపల్లి బస్సు జనం వరసలో సగం కూడా కదలకముందే మునగపాక బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఈ ఏర్పాటు?"

"గానుగ రోజులొత్తే ప్రెతేడూ ఉన్నదేనండి," అన్నాడు కన్నబాబు. "బేగి ఎల్లకపోతే వొంతు పోద్ది. తలా ఓ వారం కొడతాం."

"సోమవారం ఆ దొంతర నీ చేతిలో ఉంది."

అది ప్రశ్న కాదని కన్నబాబుకి అర్థమైంది. ఉన్నచోటే గొంతుక్కూర్చుండిపోయాడు.

"బువ్వలకాడ అందరూ కార్డులిచ్చేసేరండి. బావా ఇచ్చేడు. ఈయేళ వొంతు మనదిరా, బేగి కొట్టీ అన్నాడు. కొట్టీసేను. బస్సెక్కి సూత్తే బావ నేడు. ఆపమన్నాను. అందరూ గోలెట్టీసేరు, ఓటీకి ఆపీసుంతార్లే, యెనక బస్సుకొచ్చీత్తాడులే అని. ఆకర్న సూపరైజరు బావని మూడో నెంబరు టేంకులోకి దిగమని, ఆడు షిఫ్టు దిగి ఎల్లిపోయేడంట. అది నాకు మర్నాడు దాకా తెల్దండి. ఆ టేంకుకాడే రెండున్నరకి గేసు లీకై గంట కొట్టేరంట."

"నాలుగు రోజులు నోరెందుకు మూసుకున్నావు?"

"ఒకడి కార్డు ఇంకోడు కొట్టేడని తెలిత్తే ఉజ్జోగం పోద్దండి. నాదొక్కడిదీ కాదు, బస్సంతటిదీని. ఇంతట్లో కంపినీవోళ్ళు అసలు మీ బావ రానేదన్నారు. కంపూటర్లో నేడన్నారు. పొద్దుగాల నా పక్క సీట్లో కూకున్నోడండి! రెండు దపాలు అలాగే సెప్పేసరికి, నిజంగా రానేదేటో, నానే కలగన్నానేటో అనిపించేసింది."

చొక్కా లోపలి జేబులోంచి రుమాలు మూట తీశాడు. అందులో ప్లాస్టిక్ కార్డు. కార్డు మీద సన్యాసిరావు, ఫొటో తీయించుకోవడం అలవాటు లేని మనిషిలా బిగుసుకుపోయి చూస్తున్నాడు.

అప్పలకొండమ్మ తమ్ముణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. కార్డు అందుకుని కొంగుతో తుడిచింది. "నాలుగు రోజుల్నించి నా ఇంట్లో నా సేతి కూడు తింతన్నావు కదరా," అంది. కన్నబాబు మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. ఆమె కార్డుని శాంతికుమార్ చేతిలో పెట్టి, గేటు ఎదుట ఎండలోనే కూలబడింది. నీడలోకి రమ్మంటే రాలేదు.

గేటు గదిలో సింహాచలం అనే గార్డు అప్పుడే డ్యూటీ ఎక్కి కుర్చీ దులుపుకుంటున్నాడు.

"ఫోను ఇక్కడెట్టీయండి సార్. లోపల ఆవిర్లుంతాయి. ఫోనూ అగ్గిపెట్టీ లోపలికి పోకూడదు." ఫోను తీసుకుని, విజిటర్ కార్డొకటి తానే మిషను మీద గీసి, తన వెనక గోడకున్న మేకుకి తగిలించాడు.

"కార్డు నాకివ్వవా?"

"ఇవ్వం సార్. ఇత్తే అట్టుకుపోతన్నారు. మీరెల్లేటప్పుడు మేవే కొట్టీత్తాం."

"నీది ఎప్పుడూ ఈ షిఫ్టేనా?"

"ఈ వారమంతా రెండింటి డూటీయే. రెండవకుండా ఈ గేటు మొకం సూడను."

సెక్యూరిటీ ఆఫీసర్ దేవీప్రసాద్ రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. శాంతికుమార్ ఉద్యోగానికి దణ్ణం పెట్టడానికి కారణమైన పైవాళ్ళలో అందరికంటే పైవాడు. కుర్చీ మారినా కూర్చునే తీరు మారలేదు.

"ఏవయ్యా శాంతికుమారూ! లేచిపోయిన మొగుళ్ళని వెతికిపెడుతున్నావటగా. గిట్టుబాటవుతోందా?"

"లేచిపోయినవాళ్ళయితే తొందరగానే దొరుకుతున్నారు సార్. మీ మూడో నంబరు ట్యాంకు తెరిపించండి."

దేవీప్రసాద్ పెదాల మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళలోది మాత్రం పోయింది. "దేనికి?"

"సన్యాసిరావు అందులో ఉన్నాడు."

"డ్యూటీకే రానివాడు ట్యాంకులోకి ఎలా దిగుతాడయ్యా? అంత సరదాగా ఉంటే నాలుగింటికి రా. నిండిన సరుకు ఈ సాయంత్రం ఎలాగూ తోడించేస్తున్నాం. తర్వాత యాసిడ్ పట్టించి కడుగుతారు. తీరిగ్గా చూసుకుందువుగాని."

గోడ గడియారం మూడుకి పావు తక్కువ చూపిస్తోంది. యాసిడ్ పట్టించాక చూసుకోడానికి ఇంకేం మిగులుతుంది? బయట ఎండలో కూర్చున్న మనిషి అడిగింది ఒక్క శవాన్ని. అది కూడా ఇంకో గంట దాటితే లేనట్టే.

దేవీప్రసాద్ సొరుగులోంచి కాగితం తీసి ముందుకు తోశాడు. "సోమవారం రాత్రి ఆవిడ గేటు దగ్గర గోల పెడితే నేనే తీయించిన ప్రింటు. ఎడమ పక్కది 'లోపల' జాబితా. వస్తూ కార్డు గీస్తే పేరు చేరుతుంది, పోతూ గీస్తే పేరు పోతుంది. కుడి పక్కది 'ఉదయం' జాబితా. పొద్దున్న ఆరున్నరకి లోపల ఉన్నవాళ్ళ పేర్లన్నిటికీ తీసిన నకలు. ఆ తర్వాత దాన్ని ఎవడూ ముట్టుకోడు. రెంటిలోనూ నీ సన్యాసిరావు లేడు. ఒక సాక్షి కాదు, ఇద్దరు సాక్షులు."

శాంతికుమార్ జేబులోంచి కార్డు తీసి, వేలు వదలకుండా బల్ల మీద ఆనించాడు. గేటు దగ్గర తను చూసిందీ, కన్నబాబు చెప్పిందీ నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"బాగుంది," అన్నాడు దేవీప్రసాద్. "వాడు బావ కార్డు గీశాడనే అనుకుందాం. అప్పుడు లోపల జాబితాలోంచి పేరు పోతుంది. ఒప్పుకున్నాను. ఉదయం తీసిన నకల్లోంచి ఎలా పోతుందయ్యా? పొద్దున్న వచ్చినవాడైతే అందులో ఉండి తీరాలి కదా? ఇంట్లో గూట్లో పడున్న కార్డు పట్టుకొచ్చి అక్కాతమ్ముడూ నాటకం కడుతున్నారు. నువ్వు వేషం వేస్తున్నావు."

వకీలు ముందు నిలబడ్డా ఇదే ప్రశ్న, జడ్జీ ముందు నిలబడ్డా ఇదే ప్రశ్న. శాంతికుమార్ కాగితం మీదకి వంగాడు. రెండు వరసలనిండా పేర్లు. ఈసారి సన్యాసిరావు పేరు కోసం చూడలేదు. ఇంకో పేరు కోసం చూశాడు.

"సార్, సోమవారం కన్నబాబు డ్యూటీకి వచ్చాడా?"

"వచ్చాడు. అయితే?"

"ఉదయం జాబితాలో వాడి పేరు చూపించండి."

దేవీప్రసాద్ కళ్ళజోడు తగిలించుకున్నాడు. పైనుంచి కిందికి వేలు నడిపాడు. కిందినుంచి పైకి నడిపాడు.

"పోనీ, మునగపాక బస్సులో వచ్చిన ఏ ఒక్కడి పేరైనా సరే. లేదు కదూ? ఇదిగో, మీ గేటు గార్డు సింహాచలం మాత్రం ఉన్నాడు. ఈ వారమంతా అతనిది రెండింటి డ్యూటీ. మధ్యాహ్నం వచ్చినవాడు పొద్దున్న తీసిన నకల్లోకి ఎలా దూరాడు సార్? వచ్చినవాడు లేడు, రానివాడున్నాడు. ఈ ప్రోగ్రాం రాసిందెవరు?"

కంప్యూటర్ గది మేడ మీద ఉంది. కిటికీలోంచి చూస్తే ట్యాంకులు వరసగా కనిపిస్తాయి. ప్రోగ్రాం రాసిన బెన్‌హర్ అనకాపల్లి కుర్రాడే, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. దేవీప్రసాద్‌ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రెండూ వేరువేరు జాబితాలేనండి," అన్నాడు ఏ అనుమానం లేకుండా. "చూపిస్తానుండండి." తెర మీద ఎడమ పక్కన లోపల, కుడి పక్కన ఉదయం జాబితాలు ఈవేళ్టివి తెరిచాడు. తెరిచి, కుడి పక్క ఆఖరి పేరు దగ్గర ఆగిపోయాడు.

విజిటర్, శాంతికుమార్.

"మీరు ఎన్నింటికి వచ్చారు సార్?"

"రెండుంబావుకి."

బెన్‌హర్ ఇంకేమీ అడగలేదు. గబగబా ప్రోగ్రాం తెరిచి కిందికి జరుపుకుంటూ పోయి, ఒక చోట మౌస్ మీదనుంచి చెయ్యి తీసేశాడు.

"ఏమిటి?" అన్నాడు శాంతికుమార్.

"ఉదయం ఈక్వల్ టు లోపల. అలా రాసేను సార్. లోపల జాబితాకి ఉదయం అనే కాపీ తీస్తుందనుకున్నాను. అంకెలతో రాసినప్పుడు అలాగే పనిచేసింది. జాబితాతో కూడా అంతే కదా అనుకున్నాను. ఈ ప్రోగ్రాం భాష పైథాను సార్. జాబితాకి ఈక్వల్ పెడితే కాపీ తియ్యదు. ఉన్నదానికే రెండో పేరు తగిలిస్తుంది."

"అర్థమయ్యేలా ఏడవ్వయ్యా," అన్నాడు దేవీప్రసాద్.

"మా తమ్ముణ్ణి ఇంట్లో బుజ్జి అంటాం సార్. బళ్ళో ఎబినేజర్. బుజ్జికి జ్వరమొస్తే ఎబినేజర్ ఒళ్ళు చల్లగా ఉంటుందా? ఇదీ అంతే. ఇవి రెండు జాబితాలు కావు. ఒక్కదానికే రెండు పేర్లు. మధ్యాహ్నం బస్సోళ్ళు కార్డులు కొట్టుకుని ఎల్లిపోతే ఉదయంలోంచి కూడా ఎల్లిపోయేరు. సింహాచలం వస్తే ఉదయంలో కూడా వచ్చి కూర్చున్నాడు. ఈవేళ శాంతికుమార్ గారు కూర్చున్నట్టే."

"ఇద్దరు సాక్షులన్నారు సార్," అన్నాడు శాంతికుమార్. "వచ్చింది ఒక్కడే. చొక్కా మార్చుకుని రెండోసారి ఎక్కాడు బోనులో."

అతను బెన్‌హర్ వైపు తిరిగాడు.

"కాపీ కావాలంటే ఏం రాయాలి?"

"లోపల పక్కన రెండు చదరపు బ్రాకెట్లు పెట్టి, మధ్యలో ఒక కోలన్ పెట్టాలి సార్. అంతే." బెన్‌హర్ తెర మీద ఆ చోట వేలు పెట్టాడు. "అంతే సార్."

శాంతికుమార్‌కి వాడి మీద జాలి వేసింది. జాలి వేసినా అడగాల్సింది అడగక తప్పదు. "అసలు ఈ ఉదయం జాబితా ఎందుకు పెట్టారు?"

"నేనే పెడదామన్నాను సార్. ఒకరి కార్డు ఒకరు కొట్టేస్తే లోపల జాబితా అబద్ధం చెప్తాది కదా అని. గంట మోగితే ఉదయం జాబితాలో ప్రతి పేరూ పిలవాలి. పలకనోడు ఎక్కడున్నాడో తేల్చాలి. బస్సులో ఉన్నాడంటే డ్రైవరుకి ఫోన్ చేసి మనిషిని చూసి చెప్పమనాలి. అంతా తేలేకే ట్యాంకు మూత వెయ్యాలి. అది రూలు."

"సోమవారం రెండున్నరకి గంట మోగింది. పేర్లు ఎవరు పిలిచారు?"



"నేనే," అన్నాడు దేవీప్రసాద్. "రూలు ప్రకారమే పిలిచాను. అందరూ పలికారు. ఒక్కడు తక్కువ కాలేదు."

పలకరూ మరి! లోపల ఉన్నవాళ్ళ పేర్లే లోపల ఉన్నవాళ్ళకి చదివి వినిపిస్తే పలకనివాడెవడు? పొద్దున్న మూడొందల మంది వచ్చిన జాబితాలో వందమంది కూడా లేరేమిటని ఇంత సర్వీసు చేసిన మనిషికి అనుమానం రాలేదు. కంప్యూటర్ చెప్పాక అనుమానమేమిటి అనుకుని ఉంటాడు. ఆ పూట కాళ్ళు విరగ్గొట్టుకుని పనిచేసే పాత హెడ్డు ఒకడున్నా తలకాయలు లెక్కపెట్టేవాడు.

"మూత?"

"రెండూ నలభై ఐదుకి వేయించాను. తర్వాత నింపించాను."

"అప్పటికి బస్సు ఇంకా రోడ్డు మీదే ఉంది," అన్నాడు బెన్‌హర్. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "డ్రైవరుకి ఒక్క ఫోను చేస్తే చెప్పీవోడు. సన్యాసిరావు ఎక్కలేదని చెప్పీవోడు. ప్రభువా! ఆ మనిషి అప్పటికి..."

బతికి ఉన్నాడా అన్నది అడగడానికి శాంతికుమార్‌కి కూడా ధైర్యం చాల్లేదు. తెలిసీ చేసేదేముంది? ఒకడు ప్రేమ కొద్దీ బావ కార్డు గీశాడు. ఇంకొకడు మంచి కోరే ఒక్క లైను రాశాడు. మూడోవాడు రూలు ప్రకారం పేర్లు చదివాడు. ముగ్గురూ కలిసి ఒక మనిషిని భూమ్మీద లేకుండా చేశారు. వాళ్ళలో ఎవణ్ణి బోనెక్కించినా అప్పలకొండమ్మకి మొగుడు రాడు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది సార్?" అన్నాడు శాంతికుమార్. "మూడో నంబరు ట్యాంకులో మనిషున్నాడని?"

దేవీప్రసాద్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తెలియని మనిషైతే ఈపాటికి మీసం మెలేసి అరిచేవాడు. పదకొండేళ్ళు అతని కింద పనిచేసినవాడికి ఆ మాత్రం తెలుసు.

"ఆ కార్డు ఇలా ఇవ్వు," అన్నాడు దేవీప్రసాద్ చెయ్యి చాపి. "ఎవిడెన్సు. భద్రంగా ఉంచాలి."

"నేనూ పోలీసునే సార్."

"ఒకప్పుడు."

"కార్డు నా దగ్గరే భద్రంగా ఉంటుంది. ట్యాంకు ముట్టుకోవద్దని చెప్పండి. తహసీల్దారునీ డాక్టర్నీ పిలిపించి వాళ్ళ ఎదుట తెరిపిద్దాం. ఆవిడకి శవాన్ని ఇచ్చేద్దాం. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం."

దేవీప్రసాద్ చాపిన చేతిని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఒక్కసారిగా ముసలివాడైనట్టు కనిపించాడు. "సరేనయ్యా. నీ మాటే కానీ. మేనేజరుతో మాట్లాడి ట్యాంకు పని ఆపించి వస్తాను. ఇక్కడే ఉండండి, ఇద్దరూ." తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుని వెళ్ళిపోయాడు.

శాంతికుమార్ ఆ మాట నమ్మాడు. నమ్మాడంటే, నమ్మాలనిపించింది. ఖాకీ దుస్తులు తొడుక్కున్న రోజుల్లో ఆయన ఎంత మొండివాడైనా శవాల దగ్గర టోపీ తీసేవాడు.

"ప్రింటు తియ్యి," అన్నాడు బెన్‌హర్‌తో. "ఆ లైనూ, ఈ రెండు జాబితాలూ, పక్కపక్కన. సింహాచలం పేరూ నా పేరూ ఉదయంలో కనపడాలి. జడ్జీ గారికి బుజ్జి కథ మళ్ళీ నువ్వే చెబుదువుగాని."

"నన్ను కూడా బోనెక్కిస్తారా సార్?"

"ఎక్కిస్తారేమో. నీకు అబద్ధం చెప్పలేను."

బెన్‌హర్ తలాడించాడు. కళ్ళు తుడుచుకుని కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. మెడలోని చిన్న సిలువ బల్లకి తగిలి టిక్కుమంది.

శాంతికుమార్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మూడో నంబరు ట్యాంకు చుట్టూ నలుగురు మనుషులున్నారు. పని ఆపేసి వెళ్ళిపోతున్నారేమో అనుకున్నాడు. వెళ్ళడం లేదు. లావుపాటి గొట్టమొకటి ఈడ్చుకొచ్చి ట్యాంకు అడుగున బిగిస్తున్నారు. వెనకాల యాసిడ్ డ్రమ్ములు దొర్లించుకొస్తున్నారు. గంట మూడే అయింది. నాలుగు దాకా ఆగే ఉద్దేశం వాళ్ళకి లేదు.

రెండంగల్లో తలుపు దగ్గరికి వచ్చి పిడి తిప్పాడు. తిరగలేదు. భుజం పెట్టి నెట్టాడు. బయట గొళ్ళెం గట్టిగా పడి ఉంది. బల్ల మీద ఫోను ఎత్తి చూశాడు. అందులో చప్పుడు లేదు. ఇద్దరి ఫోన్లూ గేటు గదిలో ఉన్నాయి.

"సార్," అన్నాడు బెన్‌హర్.

వాడి గొంతు విని శాంతికుమార్ వెనక్కి తిరిగాడు. తెర మీద రెండు జాబితాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ పక్క ఆఖరి పేరు ఇంకెవరిదో. కుడి పక్కా అదే పేరు. ఇంతసేపూ దాని కింద ఉన్న శాంతికుమార్ పేరు లేదు. ప్రింటు ఇంకా మొదలవలేదు.

గేటు గదిలో మేకుకి వేలాడుతున్న విజిటర్ కార్డు అతని కళ్ళముందు మెదిలింది. ఎవరో దాన్ని తీసి గీశారు.

బయట ఎండలో కూర్చున్న మనిషికి ఈపాటికి చెప్పేసి ఉంటారు, మీ డిటెక్టివ్ ఎల్లిపోయేడమ్మా, నువ్వూ ఇంటికి పో అని. ఆమె నమ్మదు. కంప్యూటర్లో చూపించి మరీ చెబుతారు. సోమవారం రాత్రి కూడా ఆమె నమ్మలేదు, నమ్మకపోయి చేయగలిగిందేమీ లేకపోయింది.

శాంతికుమార్ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. సన్యాసిరావు కార్డు అక్కడే ఉంది. కింద మెట్ల మీద ముగ్గురో నలుగురో ఎక్కి వస్తున్న బూట్ల చప్పుడు వినిపించింది.

"సార్," అన్నాడు బెన్‌హర్ మళ్ళీ, తెర మీదనుంచి చూపు తిప్పకుండా. "ఉదయంలో కూడా పోయింది. మీరు అసలు రాలేదు సార్."